జమాఖర్చుల చదువు మనకు పరాయిదా?

పదో తరగతి ఫలితాలు వచ్చిన వారం జుమా నమాజు ముగిశాక, మసీదు వజూఖానా దగ్గర ప్రతి ఏటా ఒకే సంభాషణ. "మౌలానా సాబ్, పిల్లవాణ్ణి ఏ గ్రూపులో చేర్చమంటారు?" ఎం.పి.సి., బై.పి.సి. పేర్లు ముందు వస్తాయి. మార్కులు తక్కువైన పిల్లవాడి తండ్రి కాస్త గొంతు తగ్గించి సి.ఇ.సి. అంటాడు. ఒకేషనల్ అనే మాట మాత్రం ఎవరి నోటా రాదు. వచ్చినా "ఇక వేరే దారి లేకపోతే" అన్న ముందుమాటతోనే వస్తుంది. ఇంటర్ ఒకేషనల్‌లో అకౌంటింగ్ అండ్ టాక్సేషన్ అని ఒక కోర్సు ఉంది కదా అంటే రెండు అభ్యంతరాలు వెంటనే ఎదురవుతాయి. దుకాణంలో గుమాస్తా పనికి రెండేళ్ల చదువెందుకన్నది మొదటిది. రెండోది దీన్ సంగతులు కొంత తెలిసినవారిది. అది వడ్డీ లెక్కలు రాసే పని కదా, మనకు జాయెజేనా అని.

ఈ రెండు అభ్యంతరాలూ ఒకప్పుడు నావే. అందుచేత వాటిని తేలికగా కొట్టిపారేయను. నా అభిప్రాయం ఎలా మారిందో చెబుతాను. పాఠక సోదర సోదరీమణులు ఆ తర్వాత తమకు తోచినట్టు నిర్ణయించుకోవచ్చు.

2016 డిసెంబరు మొదటి వారంలో, పెద్ద నోట్లు రద్దయి నెల తిరగకముందే, మా ఆపా భర్త గుండెపోటుతో కన్నుమూశారు. మేమంతా ఆయన్ని దూల్హా భాయ్ అనే పిలిచేవాళ్లం. బజారులో ముప్ఫై ఏళ్లుగా బట్టల దుకాణం నడిపారు. నమాజు తప్పేవారు కాదు, గజంలో అంగుళం తగ్గించేవారు కాదు. కానీ లెక్కల్లో సగం ఆయన జ్ఞాపకంలోనే ఉండేవి. మిగిలిన సగం రెండు పొడుగు పుస్తకాల్లో, క్యాలెండరు కాగితాల వెనక, బిల్లుల అంచుల మీద, తొందర తొందరగా గీకిన ఉర్దూలో ఉండేవి.

మూడోనాడు జియారత్ ముగించుకొని కూర్చున్నాం. టోకు వ్యాపారి ఒకాయన వచ్చి, ఎంతో మర్యాదగా, సంతాపం చెప్పి, తనకు రావలసింది లక్షా ఎనభై వేలని అన్నారు. కాదనడానికి మా దగ్గర కాగితం లేదు. ఔననడానికీ లేదు.

అప్పటికి నేను మదర్సాలో ఇరవై ఏళ్లుగా సిరాజీ పాఠం చెబుతున్నవాణ్ణి. తెలియనివారికి చెబుతున్నాను, అది ఇల్మె ఫరాయిజ్, అంటే వారసుల వాటాల శాస్త్రం మీద మన మదర్సాల్లో చదివే పుస్తకం. మయ్యిత్ ఖర్చులు, ఆ తర్వాత అప్పులు, ఆ తర్వాత మూడో వంతుకు మించని వసియ్యత్, అవన్నీ పోగా మిగిలినదే వారసులకు. ఇక్కడ భార్యకు ఎనిమిదో వంతు. మిగతాది ఇద్దరు కొడుకులకు రెండేసి పాళ్లు, కూతురికి ఒక పాలు. మొత్తాన్ని 40 భాగాలు చేస్తే ఆపాకు 5, కొడుకులకు తలా 14, అమ్మాయికి 7. ఈ లెక్క వేయడానికి నాకు అర నిమిషం పట్టలేదు. చెప్పి తలెత్తేసరికి ఆపా అడిగింది.

"ఎనిమిదో వంతు సరే ఛోటే, దేంట్లో ఎనిమిదో వంతు?"

దుకాణంలో సరుకు ఎంత విలువ చేస్తుందో తెలియదు. ఊళ్లో ఉద్దెర బాకీలు ఎంత ఉన్నాయో తెలియదు. ఇవ్వవలసింది ఎంతో అసలే తెలియదు. నలభై భాగాలు చేయడం తెలిసిన పండితుడికి భాగించవలసిన మొత్తం ఎంతో తెలియలేదు. బఖరా సూరాలోని 282వ ఆయతు అప్పుడు గుర్తొచ్చి నేను తల దించుకున్నాను.

దివ్య ఖుర్‌ఆన్‌లో అన్ని ఆయతుల కంటే పొడవైనది అదే. అది నమాజు గురించో రోజా గురించో కాదు, గడువు పెట్టి అప్పు ఇచ్చిపుచ్చుకున్నప్పుడు రాసుకోవడం గురించి. రాసేవాడు న్యాయంగా రాయాలని, రాయడం తెలిసినవాడు రాయనని అనకూడదని, అప్పు తీసుకున్నవాడే మాటలు చెప్పి రాయించాలని, మొత్తం చిన్నదైనా పెద్దదైనా విసుగు చెందకూడదని అందులో ఆదేశం ఉంది. చేతి నుంచి చేతికి అక్కడికక్కడే ముగిసిపోయే బేరానికి మాత్రమే మినహాయింపు. ఈ ఆయతును నేను ఎన్నిసార్లు పారాయణం చేసి ఉంటానో లెక్కలేదు. మా ఇంట్లో దాన్ని అమలు చేసినవాడు ఒక్కడు లేడు.

ఆపా కూతురు అప్పుడు పదో తరగతిలో ఉంది. తండ్రి పోయిన మూడు నెలలకే పరీక్షలు రాసింది. మార్కులు మరీ తక్కువేం కాదు. 2017 జూన్‌లో అకౌంటింగ్ అండ్ టాక్సేషన్‌లో చేరతానంది. పెద్దవాళ్లు ఒప్పుకోలేదు. నేను కూడా ఒప్పుకోలేదు. టీచర్ ట్రైనింగ్ చేయమన్నాను, కనీసం సి.ఇ.సి. అయినా తీసుకోమన్నాను. "మామూ, అబ్బా పుస్తకాలు చదవడం నేర్చుకోవాలి" అంది. ఆ మాటకు ఎవరి దగ్గరా జవాబు లేకపోయింది.

ఈ కోర్సు గురించి మనవారికి తెలిసింది తక్కువ కాబట్టి కొంచెం చెబుతాను. ఇది ఇంటర్మీడియెట్ బోర్డు వారిదే, రెండేళ్లు. ఇంగ్లీషు, జనరల్ ఫౌండేషన్ కోర్సు ఉంటాయి. వాటితో పాటు వృత్తి సబ్జెక్టులు, వాటికి ప్రాక్టికల్స్ ఉంటాయి. ఆన్ ది జాబ్ ట్రైనింగ్ పేరుతో ఏదైనా సంస్థలో నిజమైన పుస్తకాలు, నిజమైన బిల్లుల మధ్య కూర్చోవాలి. పాసైనవారికి బి.కాం.కు వెళ్లే దారి ఉంది. బి.కాం. వద్దనుకున్నవారికి కాస్ట్ అకౌంటెంట్ల సంస్థ వారి అకౌంటింగ్ టెక్నీషియన్ సర్టిఫికెట్ ఉంది. గట్టి పట్టుదల ఉన్నవారు సి.ఎ. ఫౌండేషన్‌కు కూర్చోవచ్చు. అందులో నాలుగు పేపర్లు, 400 మార్కులు. ఒక్కో పేపరులో నూటికి నలభై, మొత్తం మీద యాభై శాతం తెచ్చుకోవాలి. అది దాటితే ఇంటర్మీడియెట్, ఫైనల్, మధ్యలో ఆర్టికల్‌షిప్. ఈ ఆర్టికల్‌షిప్ మూడేళ్లు ఉండేది, 2023లో వచ్చిన కొత్త పద్ధతిలో రెండేళ్లకు తగ్గించారు. అయితే సి.ఎ. అనగానే పిల్లల్ని తరిమే తండ్రుల్ని కూడా చూశాను. ఫైనల్ దాటలేక ఏళ్ల తరబడి ఆగిపోయినవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. చేతిలో ఒక వృత్తి అర్హత ఉండి పైకి ఎక్కడం వేరు, ఏమీ లేకుండా ఎక్కడం వేరు.

మా అమ్మాయి చేరిన నెల తిరక్కుండానే, 2017 జూలై 1న, జి.ఎస్.టి. వచ్చింది. పన్నుల పాఠం చెప్పే అధ్యాపకులు కూడా విద్యార్థుల్లాగే కొత్తగా నేర్చుకోవలసి వచ్చింది. మా దూల్హా భాయ్ కాలంలో ముందు అమ్మకం పన్ను, 2005 ఏప్రిల్ నుంచి వ్యాట్. ఇప్పుడు అమ్మకాల వివరాలు ఒక రిటర్నులో, పన్ను చెల్లింపు ఇంకో రిటర్నులో. నెలనెలా దాఖలు చేసేవారికి మొదటిది మరుసటి నెల 11వ తేదీకల్లా, రెండోది 20కల్లా. చిన్న దుకాణదారు కూడా ఎవరో ఒకరి తలుపు తట్టక తప్పదు. ఆదాయపు పన్నులోనూ అంతే, 1961 నాటి చట్టం స్థానంలో 2025లో కొత్త చట్టం చేశారు. గుమాస్తా పనికి చదువెందుకన్న ప్రశ్నకు ఇంతకన్నా జవాబు నా దగ్గర లేదు.

నిజానికి ఈ విద్య మన ఇంటి మాటలతోనే నిండి ఉంది. అమ్మాయి తెలుగు పాఠ్యపుస్తకం తిరగేసి నేను ఆశ్చర్యపోయాను. జమ, బాకీ, వసూలు, తారీఖు, నకలు అరబ్బీ నుంచి వచ్చిన మాటలు. అసలు, వడ్డీ అంటామే, ఆ అసలు కూడా అరబ్బీయే. ఖర్చు, రసీదు ఫార్సీ. ఆంగ్లంలో లెడ్జర్ అనే దాన్ని తెలుగు పుస్తకంలో ఆవర్జా అని రాశారు, అదీ ఫార్సీ నుంచి వచ్చినదే. కోమటి దుకాణంలో గద్దె మీద కూర్చున్న సేఠు రోజంతా మన పూర్వీకుల మాటలతో లెక్కలు రాసుకుంటాడు, మనం ఆ లెక్కలు మనవి కావంటాం! హజ్రత్ యూసుఫ్ (అలై) ఈజిప్టు ధాన్యాగారాల బాధ్యత తనకు అప్పగించమని అడిగినప్పుడు తనకున్న రెండు అర్హతలు చెప్పుకున్నారు, కాపాడగలనని, తెలిసినవాడినని. మనవాళ్లు మొదటిదాన్ని పట్టుకొని, అమానత్ ఉంటే చాలు, తెలివిడి ఎందుకంటారు. మా దూల్హా భాయ్‌కి అమానత్ నిండుగా ఉంది.

ఇక రెండో అభ్యంతరానికి వస్తాను. ఇది పెద్దది. వడ్డీ తినేవాడితో, ఇచ్చేవాడితో పాటు, దాన్ని రాసేవాణ్ణి, సాక్షుల్ని కూడా దైవప్రవక్త (స) శపించారని సహీహ్ ముస్లింలో ఉంది. ఆ హదీసును ఎవరి సౌకర్యం కోసమో పలచబరిచే హక్కు నాకు లేదు. బ్యాంకులో వడ్డీ అప్పు కాగితాలు తయారుచేసే కుర్చీకి, ఆసుపత్రిలో మందుల కొనుగోళ్లు, జీతాలు రాసే కుర్చీకి తేడా ఉంది. ఉద్యోగం వచ్చినప్పుడు ఆ ఉద్యోగంలో పనేమిటో వివరంగా చెప్పి మసలా అడగాలి. ఈ కుర్చీ హలాలా, హరామా అని పత్రికలో ఒకే మాటలో తేల్చేది కాదు.

కానీ చదువు సంగతి వేరు. అది నాకు అర్థమైంది మా అమ్మాయి అడిగిన ప్రశ్నతోనే. భాగస్వామ్య వ్యాపార ఖాతాల పాఠంలో మూలధనం మీద వడ్డీ, సొంతవాడకాల మీద వడ్డీ, భాగస్వామి ఇచ్చిన అప్పు మీద 6 శాతం వడ్డీ అని వరసగా లెక్కలున్నాయి. "మామూ, ఇది రిబాయే కదా?" అని పుస్తకం నా ముందు పెట్టింది. నేను తెలిసిన ముఫ్తీ సాబ్ దగ్గరకు వెళ్లాను. పరీక్ష కాగితం మీద లెక్క చేయడం వేరు, మీ వ్యాపారంలో ఆ షరతు రాసుకోవడం వేరు అని ఆయన చెప్పారు. అంతలో ఆయనే ఒక మాట అడిగారు, ఆ 6 శాతం ఎక్కడిది, ఎవరు పెట్టారు అని. నాకు తెలియదు. అమ్మాయికి తెలుసు.

అది 1932 నాటి భారత భాగస్వామ్య చట్టం, 13వ సెక్షన్. భాగస్వాముల మధ్య వేరే ఒప్పందం లేకపోతే లాభనష్టాలు సమానంగా పంచాలి. ఒప్పుకున్న మూలధనం కంటే ఎక్కువ డబ్బు పెట్టిన భాగస్వామికి ఆ ఎక్కువ మొత్తం మీద ఏటా 6 శాతం వడ్డీ రావాలి. వేరే ఒప్పందం లేకపోతే అన్నదే ఇందులో ముఖ్యం. మన ఇళ్లలో అన్నదమ్ములు, బావామరుదులు కలిసి దుకాణం పెట్టినప్పుడు కాగితం రాసుకోరు. రాసుకుంటే నమ్మకం లేదనుకుంటారేమోనని సిగ్గు. తగాదా వచ్చి కోర్టుకు ఎక్కిన రోజున, వడ్డీ పేరెత్తితేనే అస్తగ్‌ఫిరుల్లాహ్ అనే కుటుంబం నెత్తిన ఆ చట్టమే వడ్డీ పెడుతుంది. వడ్డీ ఉండదని, లాభం ఫలానా నిష్పత్తిలో అని, నష్టం మూలధనాల ప్రకారం అని ముందే రాసుకుంటే ఆ సెక్షన్ అడ్డు రాదు. అది రాసుకోవాలని తెలియాలంటే ఎవరో ఒకరు ఆ పాఠం చదివి ఉండాలి. వడ్డీ భయంతో ఈ చదువు మానేసినవాడు వడ్డీ నుంచి తప్పించుకోలేదు, అది ఎక్కడుందో కనిపెట్టే కన్ను మాత్రం పోగొట్టుకున్నాడు. ముఫ్తీ సాబ్ ఆ సెక్షన్ నంబరు కాగితం మీద రాసుకున్నారు.

జకాత్ సంగతి కూడా ఇంతే. వ్యాపారి తన సరుకు ఇప్పటి ధర ఎంతో చూడాలి, చేతిలోని నగదు, వసూలవుతాయనుకొనే బాకీలు కలపాలి, తీర్చవలసిన అప్పులు తీసేయాలి, మిగిలినది నిసాబ్ దాటితే నూటికి రెండున్నర. ఏడాది చివర ఆస్తి అప్పుల పట్టిక వేసుకున్నవాడికి ఇది ఒక పూట పని. వేసుకోనివాడు రమజాన్‌లో ఒక గుండ్రటి అంకె అనుకొని పంచేస్తాడు.

కోర్సు అంటే ఏదైనా కోర్సే అనుకోవద్దు. మా చిన్న తమ్ముడి కొడుకు ఒక ట్రైనింగ్ సెంటర్‌లో ఫీజు కట్టి మూడు నెలల్లో ట్యాలీ సర్టిఫికెట్ తెచ్చుకున్నాడు. ఎఫ్ 5 నొక్కితే పేమెంటు, ఎఫ్ 6 రిసీటు, ఎఫ్ 7 జర్నలు అని గడగడ చెబుతాడు. "యజమాని గల్లాపెట్టె నుంచి ఇంటి బియ్యానికి రెండు వేలు తీసుకున్నాడు, ఎలా రాస్తావురా?" అని మా అమ్మాయి అడిగింది. ఖర్చుల్లో రాస్తానన్నాడు. అది దుకాణం ఖర్చు కాదు, యజమాని సొంతవాడకం, ఆయన మూలధనంలోంచి తగ్గాలి. ఈ చిన్న తేడా తెలియకనే మన దుకాణాల్లో లాభం వచ్చిందో, ఇల్లు దుకాణాన్ని తినేసిందో ఎవరికీ అర్థం కాదు. మదర్సాలో సర్ఫ్ రాని పిల్లవాడు అరబ్బీ వాక్యాలు బట్టీ పట్టినట్టు ఉంటుంది ఈ మీటల చదువు. పుచ్చుకొన్నవారి ఖాతాకు డెబిట్, ఇచ్చినవారి ఖాతాకు క్రెడిట్ అన్న సూత్రం ముందు చేత్తో, కాగితం మీద, చిట్టా నుంచి ఆవర్జాకు, ఆవర్జా నుంచి అంకణాకు రాసి రాసి వేళ్లకు పట్టాలి. ఆ తర్వాత మీటలు నేర్చుకోవడం ఒక వారం.

గల్ఫ్ మీద ఆశ పెట్టుకున్నవారికి కూడా ఒక మాట. సౌదీలో, ఎమిరేట్స్‌లో 2018 జనవరి 1న వ్యాట్ మొదలైంది. సౌదీలో 5 శాతంగా ఉన్నది 2020 జూలైలో 15 శాతమైంది. మనవాళ్లు డ్రైవర్లుగా, సేల్స్‌మెన్‌గా చేరే చిన్న కంపెనీలకు కూడా లెక్కలు సరిగా రాసేవాడి అవసరం పడింది. ఇస్లామీ ఆర్థిక సంస్థల కోసమే అకౌంటింగ్ ప్రమాణాలు రాసే సంస్థ ఒకటి 1991 నుంచి బహ్రెయిన్‌లో పనిచేస్తోంది. అరబ్బీ వచ్చిన మదర్సా కుర్రవాడికి ఈ విద్య కూడా తోడైతే ఎంత బలమో! మా మదర్సాలో ముగ్గురు పిల్లలు ఓపెన్ స్కూలు ద్వారా పది పాసై ఈ దారిలో పెట్టారు. ఒకడు మధ్యలో మానేశాడు, ఇద్దరు సాగుతున్నారు. సిరాజీలో తస్‌హీహ్ లెక్కలు చేసినవాడికి భాగస్వాముల లాభ నిష్పత్తులు చాలా సులువని వాళ్లే అంటున్నారు.

మా అమ్మాయి రెండో ఏడు మొదలవకముందు, 2018 వేసవి సెలవుల్లో, తండ్రి పుస్తకాలు బయటికి తీసింది. ఆ షికస్తా రాత దానికి రాదు. నాకు పద్దు రాయడం రాదు. మధ్యాహ్నం జుహర్ తర్వాత ఇద్దరం చాప వేసుకొని కూర్చునేవాళ్లం. నేను చదివేవాణ్ణి, అది రాసేది. క్యాలెండరు కాగితాలు తారీఖుల వారీగా పేర్చింది. బ్యాంకు పాసు పుస్తకం, చెక్కు పుస్తకం కౌంటర్‌ఫాయిళ్లు పక్కన పెట్టుకొని ఒక్కొక్కటీ సరిచూసింది. ఇరవై రోజులు పట్టింది. టోకు వ్యాపారి చెప్పిన లక్షా ఎనభై వేలలో నలభై రెండు వేలు చెక్కు రూపంలో ముందే ముట్టినట్టు తేలింది. ఆయనకు చూపిస్తే తన పుస్తకం వెతికి, తమ గుమాస్తా వేరే పేరు మీద జమ కట్టాడని ఒప్పుకొని, క్షమించమన్నారు. ఆయనకు అప్పటికే కొంత ఇచ్చి ఉన్నాం, మిగతాది వాయిదాల్లో తీర్చాం.

అంతటితో అయిపోయిందనుకున్నాను. అమ్మాయి అంకణా సరిపోవడం లేదంది. ఒక పక్క పదిహేను వేలు ఎక్కువగా తేలుతున్నాయి. రెండు రోజులు వెతికి, 2015 నాటి ఒక పేజీ అడుగున, ఎవరో ఒకరి పేరు పక్కన 15,000 జమ, దాని ముందు ఒకే మాట, 'అమానత్', పట్టుకుంది. చెల్లించినట్టు ఎక్కడా లేదు. ఆ పేరు బజారు చివర తాళాలు బాగుచేసే ముసలాయనది. కూతురి పెళ్లికని దాచమని ఇచ్చాడట. పెళ్లి అయిపోయి ఏడాది దాటింది, అప్పు చేసి చేశాడు. మూడోనాడు మా ఇంటికి వచ్చి ఫాతిహాలో కూర్చుని వెళ్లినవారిలో ఆయన కూడా ఉన్నాడని నాకు అప్పుడు గుర్తొచ్చింది.

డబ్బు తీసుకొని నేనూ అమ్మాయీ వెళ్లాం. అప్పుడే ఎందుకు అడగలేదు చాచా అంటే, తాళం చెవికి ఆకురాయి పెడుతూనే అన్నాడు.

"కాగితం లేదు కదా బేటీ. ఎవరు నమ్ముతారు?"

అమ్మాయి తన సంచిలోంచి రసీదు పుస్తకం తీసి, ఆయనతో వేలిముద్ర వేయించుకొని, డబ్బు ఇచ్చింది. ఆ సాయంత్రం అంకణా సరిపోయింది. ఆపాకు ఎనిమిదో వంతు ఎంతో ఆ రాత్రి లెక్క కట్టి చెప్పాను.